విజయనగరం లాంటి ఊళ్లో కంప్యూటర్ యూజర్ గ్రూప్ నడపడం: మొదటి సమావేశం నుంచి జమాఖర్చుల దాకా

కంప్యూటర్ వాడేవాళ్లు నెలకోసారి కలిసి ఒకరి పేచీలు ఒకరు తీర్చుకునేదే కంప్యూటర్ యూజర్ గ్రూప్. విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ అలాంటిది పెట్టాలని ముందుకొచ్చేది ఎక్కువగా ఇంజనీరింగ్ కుర్రాళ్లే. ఉత్సాహం ఉంటుంది, తెలివి ఉంటుంది, నలుగురిని పోగేసే సత్తా కూడా ఉంటుంది. కానీ ఫైనలియర్ అయ్యాక వైజాగో హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతారు, వాళ్లతోపాటే గ్రూపూ పోతుంది. అది వాళ్ల తప్పు కాదు, మన జిల్లాల్లో ఉద్యోగాలున్న తీరు అంతే. అందుకే నేను పట్టుబట్టి చెప్పేది ఒకటి: గ్రూపును ఊళ్లో ఉండిపోయేవాళ్ల మీద నిలబెట్టండి, డబ్బు కూడా వాళ్లిచ్చే చిన్న చిన్న చందాలతోనే నడిచేలా చూసుకోండి. కింద రాసిన పనులన్నీ ఈ ఒక్క మాట మీద ఆధారపడినవే, కాబట్టి వీలైనంతవరకు ఇదే వరసలో చేయండి.

ముందు ఉండిపోయేవాళ్లెవరో వెతకండి

ఊళ్లో కంప్యూటర్ మీద బతికేవాళ్లు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కాదు. గంట స్తంభం చుట్టుపక్కల పెళ్లి కార్డులు, కరపత్రాలు కొట్టే డీటీపీ ఆపరేటర్లు, ట్యాలీలో లెక్కలు రాసే అకౌంటెంట్లు, మీ సేవ నడిపేవాళ్లు, సచివాలయాల్లో పనిచేసే డిజిటల్ అసిస్టెంట్లు, కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు రిపేరు చేసేవాళ్లు, స్కూలు టీచర్లు, బ్యాంకులోనో ఎల్ఐసీలోనో రిటైరై ఇంటి దగ్గరున్నవాళ్లు. వీళ్లకు రోజూ కంప్యూటర్‌తో ఏదో ఒక పేచీ ఉంటుంది, అడగడానికి మనిషి ఉండడు. యూట్యూబ్‌లో అంతా దొరుకుతుంది కదా అంటారు గానీ, ప్రింటర్ అక్షరాలు ఎందుకు ముక్కలు చేస్తోందో, ఎక్సెల్ ఫైలు ఎందుకు తెరుచుకోవడం లేదో పక్కన కూర్చుని చూసి తెలుగులో చెప్పేవాడు దొరికితే ఆ విలువే వేరు.

పదిమంది పేర్లు రాసుకుని, ఒక్కొక్కరి షాపుకో ఆఫీసుకో స్వయంగా వెళ్లి కలవండి. వాట్సాప్‌లో పోస్టరు పెడితే 'తప్పకుండా వస్తాం' అని బొటనవేలు గుర్తు పెడతారు, రారు. మన వైపు మనిషి వెళ్లి 'అన్నా, ఆదివారం ఒక గంట రండి, మీ పేచీ ఏదో పట్టుకురండి' అంటేనే కదులుతారు. విద్యార్థుల్ని వదిలేయమని కాదు, వాళ్లు లేకపోతే కొత్తగా నేర్పేవాళ్లు ఉండరు. వాళ్లను బలంగా వాడుకోండి, బరువు మాత్రం వాళ్ల నెత్తిన పెట్టకండి.

చోటు, రోజు, వేళ

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ చూడగానే నోరూరుతుంది. నలభై కంప్యూటర్లు, ఏసీ, నెట్. కానీ మన కాలేజీలు చాలావరకు ఊరి బయటే ఉన్నాయి. చింతలవలస దాకానో, శ్రీకాకుళంలో అయితే ఎచ్చెర్ల దాకానో ఆదివారం పూట షాపు కట్టేసి డీటీపీ ఆపరేటరు రాడు. పైగా రెండు నెలలు తిరగకుండా బ్యానరు మీద కాలేజీ పేరు పెద్దదై గ్రూపు పేరు చిన్నదవుతుంది, ప్రిన్సిపాల్ మారితే గేటు దగ్గరే ఆపేస్తారు. కాలేజీని ఏడాదికి ఒకటో రెండో పెద్ద శిబిరాలకు వాడుకోండి, ఇల్లుగా చేసుకోకండి.

ఊరి మధ్యలో చోటు చూడండి. మొదట అడగాల్సింది గ్రంథాలయాన్ని. ఇంటి పన్నుతోపాటు మనం కట్టే గ్రంథాలయ సెస్సుతోనే అవి నడుస్తున్నాయి కాబట్టి మొహమాటపడాల్సిన పని లేదు. లైబ్రేరియన్ పేరు మీద ఒక పేజీ లేఖ రాసి, నెలకు రెండు గంటలు, ఎంతమంది, ఏం చేస్తారు, రుసుము తీసుకోరు అన్నది స్పష్టంగా చెప్పి సంతకాలతో ఇవ్వండి. అక్కడ కుదరకపోతే ట్యూషన్ సెంటరు, స్కూలు, కుల సంఘం కానిదైతే ఏదో ఒక సంఘం వాళ్ల గది. కుల సంఘాల హాళ్లు ఉచితంగా దొరికినా వద్దంటాను. ఒకసారి ఆ ముద్ర పడితే సగంమంది గుమ్మం తొక్కరు. రాజకీయ నాయకుల హాళ్లకూ ఇదే మాట.

రోజు విషయంలో ఒక లెక్క ఉంది. అకౌంటెంట్లకు ప్రతి నెలా 11కు జీఎస్టీఆర్-1, 20కి జీఎస్టీఆర్-3బి అనే జీఎస్టీ రిటర్నుల గడువులు. ఆ రోజుల దగ్గర పెట్టిన సమావేశానికి వాళ్లు రాలేరు, వచ్చినా ఫోన్ వదలరు. నాలుగో ఆదివారం పెడితే ఎప్పుడూ 22, 28 తేదీల మధ్యే పడుతుంది, అందరికీ ఊపిరి ఆడుతుంది. పొద్దున్న పదిన్నర నుంచి పన్నెండున్నర. మధ్యాహ్నం పెట్టకండి, మేలో కరెంటు పోతే ఆ గదిలో ఎవరూ నిలవలేరు. విజయనగరంలో దసరా వెళ్లిన మంగళవారం సిరిమానోత్సవం, ఆ వారం ఊరంతా చుట్టాలే కాబట్టి ఏమీ పెట్టకండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం కూడా. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. కరెంటు, సిగ్నల్ రెండూ పోయిన రోజులవి. సభ్యుల ఫోన్ నంబర్లు, ఇంటి వీధి పేర్లు ఒక కాగితం మీద కూడా ఉంచుకోండి.

మొదటి మూడు నెలలు డబ్బు మాట ఎత్తకండి

మొదటి సమావేశంలోనే చందా అంటే రెండోదానికి మనిషి రాడు. ఈ మూడు సమావేశాలూ టీ ఖర్చు నిర్వాహకులే పంచుకోండి, గది ఉచితంగా దొరికేదే చూసుకోండి. ప్రతిసారీ ఒకే ఒక పని జరగాలి, వచ్చినవాడు ఇంటికి వెళ్లి అదే రోజు వాడుకునేలా ఉండాలి.

ఉదాహరణకు తెలుగు టైపింగ్ తీసుకోండి. మన డీటీపీ వాళ్లంతా యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల మీద నడుస్తారు, కానీ ఆ మేటరు వాట్సాప్‌లోకి, వెబ్‌లోకి వెళ్తే పనికిరాని గీతలైపోతుంది. ఏ యంత్రంలోనైనా తెలుగు తెలుగుగానే కనిపించేలా చేసే యూనికోడ్ అంటే ఏమిటి, దానికి వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎలా పెట్టుకోవాలి, పాత అను మేటరును యూనికోడ్‌లోకి ఎలా మార్చుకోవాలి, మార్చాక ఎక్కడెక్కడ ఒత్తులు తేడా వస్తాయి అన్నది చేసి చూపిస్తే రెండు గంటలు చాలవు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో మండలి, రామభద్రతోపాటు గురజాడ పేరు మీద ఒకటి ఉంది. విజయనగరంలో దాంతోనే మొదలుపెట్టండి, గదిలో వాతావరణం ఎలా మారుతుందో చూడండి.

రెండోదానికి ఎక్సెల్‌లో రోజూ పడే తప్పులు. మూడోది పెద్దవాళ్లకోసం పెట్టండి. డిజిటల్ అరెస్ట్ అని బెదిరించే ఫోన్లు, కేవైసీ పేరుతో వచ్చే లింకులు, డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టడం. పింఛనుదారులు వస్తారు. ఆ వచ్చినవాళ్లలో ఒక రిటైరైన బ్యాంకు ఉద్యోగి తప్పకుండా ఉంటారు, మీ కోశాధికారి ఆయనే. తీరిక ఉంటుంది, లెక్క తెలుసు, ఊరు వదలరు.

బడ్జెట్ కాగితం

నాలుగో నెలలో కూర్చుని ఏడాది ఖర్చు రాయండి. రెండు పద్దులుగా రాయండి: ఆగితే గ్రూపు ఆగిపోయేవి, ఆగినా ఫర్వాలేనివి. నేనొక నమూనా ఇస్తున్నాను, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి.

గది అద్దె నెలకు 500 అనుకుంటే ఏడాదికి 6,000. డొమైన్ పేరు, అంటే గ్రూపు వెబ్‌సైటు చిరునామా, 1,000. జిరాక్సులు, బ్యానరు, రశీదు పుస్తకాలు 1,500. బ్యాంకు ఖర్చులు 500. మొత్తం 9,000, ఇది తప్పనిసరి పద్దు. టీ, పకోడీ మనిషికి 25 చొప్పున ముప్పైమందికి 750, పన్నెండు నెలలకు 9,000. పెన్‌డ్రైవులు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు 2,000. ఇవి రెండో పద్దు. అంతా కలిపి 20,000.

ఆదాయం వైపు: ఉద్యోగం, వ్యాపారం ఉన్నవాళ్లకు ఏడాదికి 600, అంటే నెలకు 50 రూపాయలు. అలాంటివాళ్లు పాతికమంది ఉంటే 15,000. విద్యార్థులకు 100 చొప్పున ముప్పైమంది, 3,000. మొత్తం 18,000. తప్పనిసరి పద్దుకు ఇది రెండింతలు. ఆ నిష్పత్తి పోకుండా చూసుకుంటే చాలు, సగంమంది సభ్యులు మానేసినా తలుపు మూతపడదు. మిగతా 2,000 తేడా టీ బల్ల మీద పెట్టిన డబ్బా పూడ్చేస్తుంది, దాని మీద 'టీ 25' అని రాసి పెట్టండి, ఎవరినీ అడగకండి.

ఖర్చు ఎందుకింత తక్కువ ఉంచమంటున్నానో చెప్తాను. అమెరికాలో 1977లో మొదలైన బోస్టన్ కంప్యూటర్ సొసైటీ దాదాపు 30,000 మంది సభ్యులదాకా పెరిగింది. ఆఫీసు, జీతగాళ్లు, పత్రిక అన్నీ ఉండేవి. 1996లో మూసేశారు. సభ్యులు వేలల్లో ఉన్నంతమాత్రాన సంఘం నిలబడదు, పెరిగిన రోజుల్లో నెత్తికెత్తుకున్న ఖర్చు తగ్గిన రోజుల్లో దిగదు. అందుకే నెలనెలా కట్టాల్సిన ఖర్చు ఏదీ కొత్తగా పెట్టుకోకండి. జూమ్ డబ్బు కట్టి వాడక్కర్లేదు, ఊళ్లో లేనివాళ్లు చూడాలంటే జిట్సీ ఉచితం. ప్రొజెక్టరు కొనాలని ప్రతి గ్రూపుకూ ఆశ పుడుతుంది. కొనకండి. దాన్ని మోయాలి, దాచాలి, ల్యాంపు పోతే మార్చాలి, ఎవరింట్లో ఉందో తెలియక గొడవలు రావాలి. స్కూల్లో ఉన్న టీవీకి హెచ్‌డీఎంఐ కేబులు తగిలిస్తే సరిపోతుంది.

చందా వసూలు చేసే నెల కూడా చూసి ఎంచుకోండి. సంక్రాంతి వెళ్లాక నెలరోజులు మన వైపు ఎవరి జేబులోనూ డబ్బుండదు, జూన్‌లో స్కూలు ఫీజులు, మార్చిలో అకౌంటెంట్లకు తల ఎత్తే తీరిక ఉండదు. ఏప్రిల్ బాగుంటుంది, లెక్కల ఏడాదీ అక్కడే మొదలవుతుంది.

డబ్బు ఎక్కడ ఉండాలి, ఎలా రాయాలి

గ్రూపులు డబ్బు లేక విడిపోయిన దానికంటే లెక్క తెలియక విడిపోయినవే ఎక్కువ. కాబట్టి ఈ భాగం తొందరపడకుండా చదవండి.

అందరూ చేసేది ఒకరి ఫోన్‌పే నంబరుకు చందాలు వేయించడం. ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా ఇది వద్దు. గ్రూపు 600, వాళ్లింటి పాల డబ్బు, తమ్ముడు పంపిన అప్పు అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోతాయి. ఏ కారణంగానైనా ఆ ఖాతాను బ్యాంకు స్తంభింపజేస్తే గ్రూపు డబ్బు కూడా ఇరుక్కుంటుంది. గ్రూపు సంఘంగా రిజిస్టరు అయ్యేలోపు (అది ఎప్పుడో కింద చెప్తాను) రెండు దారులున్నాయి. ఒకటి, ఇద్దరు ముగ్గురి పేరున కొత్తగా ఉమ్మడి ఖాతా తెరిచి, డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకం ఉండాలని పెట్టడం. రెండోది, రిజిస్టరు కాని సంఘం పేరునే ఖాతా తెరవడం. తీర్మానం, సంఘం పాన్, ఖాతా నడిపేవాళ్లకిచ్చిన అధికార పత్రం, వాళ్ల గుర్తింపు కాగితాలు ఉంటే నిబంధనలు ఒప్పుకుంటాయి. కొన్ని బ్రాంచీలు ఇష్టపడవు, ఇంకో బ్రాంచిలో అడగండి, ఇక్కడే మీ రిటైరైన బ్యాంకు మాస్టారు పనికొస్తారు. ఇద్దరి సంతకం ఖాతాకు ఫోన్లోంచి డబ్బు పంపడం సాధారణంగా కుదరదు. మంచిదే. ఆవేశంలో ఖర్చు చేయడం కూడా కుదరదు.

చిట్టా పుస్తకం కాగితం మీదే పెట్టండి. కంప్యూటర్ గ్రూపు కాగితం మీద లెక్క రాయడమేమిటని కుర్రాళ్లు అడుగుతారు. కోశాధికారి ఎవరైనా, ఏ వయసువాళ్లైనా తెరిచి చదవగలగాలి, అందుకే. ఎడమ పేజీలో జమ, కుడి పేజీలో ఖర్చు. ప్రతి ఖర్చుకూ ఓచరు, దానికి బిల్లు గుండుసూదితో గుచ్చి. టీ కొట్టువాడు బిల్లు ఇవ్వడు కదా, అప్పుడు ఓచరు మీద తెచ్చినవాళ్ల సంతకం, పక్కనే చూసిన ఇంకొకరి సంతకం. రశీదు పుస్తకానికి వరస నంబర్లు అచ్చు వేయించండి, నంబరు చెడిపోతే చింపకుండా అడ్డంగా కొట్టేసి పుస్తకంలోనే ఉంచండి. కోశాధికారి చేతిలో 1,000 రూపాయలకు మించి నగదు ఉండకూడదు, మిగతాది మరుసటి సోమవారం బ్యాంకుకు వెళ్లాలి.

సమావేశం మొదలవగానే మొదటి రెండు నిమిషాలు లెక్క చదవాలి: కిందటి నెల నిల్వ, వచ్చింది, పోయింది, ఇప్పటి నిల్వ. ఎవరూ వినకపోయినా చదవాలి. ఆ పేజీ ఫొటో గ్రూపులో పెట్టాలి. ఏడాదికోసారి కమిటీలో లేని సభ్యుడొకరు పుస్తకం, ఓచర్లు, పాస్‌బుక్ మూడూ సరిచూసి సంతకం పెట్టాలి.

ఇంకో మాట, ఇది మన ప్రాంతంలో తప్పక చెప్పాలి. ఊళ్లలో చవితి కమిటీ డబ్బు మిగిలితే నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పడం అలవాటు. నిల్వ పదివేలు దాటగానే మీ గ్రూపులోనూ ఎవరో ఆ మాట ఎత్తుతారు, లేదా చీటీలో వేద్దామంటారు. రెండూ వద్దు. తీసుకున్నవాడు సభ్యుడే అవుతాడు, ఇవ్వలేకపోతే సమావేశానికి రావడం మానేస్తాడు, మీరు డబ్బునూ మనిషినీ పోగొట్టుకుంటారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ చాలు. అలాగే టికెట్లు అమ్మి లక్కీ డ్రా తీద్దామన్న ఆలోచన కూడా మానుకోండి, ప్రభుత్వ అనుమతి లేని లాటరీని చట్టం ఒప్పుకోదు.

శిబిరాలు: అదనపు ఆదాయం

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. మన ఊళ్లో ఇళ్లల్లో, షాపుల్లో ఉన్న కంప్యూటర్లలో చాలావాటికి ఆ అర్హత లేదు, అలాగని పారేసే స్థితిలోనూ లేవు. వాటిలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ లాంటిది వేసిచ్చే శిబిరం ఏడాదికి రెండుసార్లు పెట్టండి. మనుషులు వస్తారు, డబ్బూ వస్తుంది, అన్నిటికంటే మించి కొత్త సభ్యులు దొరుకుతారు.

బల్ల ఎలా నడవాలో చెప్తాను. గుమ్మం దగ్గర ఒక కాగితం: పేరు, ఫోను, యంత్రం మోడలు, 'నా ఫైళ్లు బ్యాకప్ తీసుకున్నాను, డిస్కు చెరపడానికి ఒప్పుకుంటున్నాను' అన్న వాక్యం, సంతకం. బ్యాకప్ లేకుండా వచ్చినవాళ్లను వేరే బల్లకు పంపి ముందు ఆ పనే చేయించండి. వెంటాయ్ (ఒకే పెన్‌డ్రైవు నుంచి చాలా సిస్టమ్‌లు నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసిన పెన్‌డ్రైవులు నాలుగైదు సిద్ధంగా ఉండాలి, ఒక్కో దాంట్లో రెండు మూడు ఐఎస్ఓలు, అంటే ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు. పెన్‌డ్రైవు నుంచి మొదలవడానికి ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కాలో ఎఫ్9 నొక్కాలో కంపెనీని బట్టి మారుతుంది, ఆ జాబితా పెద్ద అక్షరాలతో గోడకు అంటించండి. ముందు పెన్‌డ్రైవు మీద నుంచే నడిపించి వైఫై, శబ్దం, ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో యజమానికి చూపించాకే ఇన్‌స్టాల్ మొదలుపెట్టాలి. యజమాని కుర్చీ వదిలి వెళ్లకూడదు. 'పెట్టేసి వెళ్తాను బాబూ, సాయంత్రం వస్తాను' అంటే తీసుకోకండి, అది షాపు పని. ఛార్జర్లు వాళ్లే తెచ్చుకోవాలి, ఒక గోడ సాకెట్‌కు ఎన్ని ఎక్స్‌టెన్షన్లు తగిలిస్తున్నారో ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి.

డీటీపీ షాపు యంత్రాలకు మాత్రం లినక్స్ వేయకండి. అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్ విండోస్ మీదే నడుస్తాయి, రేపు పొద్దున్న పెళ్లి కార్డు ఇవ్వాల్సిన మనిషి పొట్ట కొట్టినవాళ్లవుతారు. వాళ్లకు అవసరమైతే నెట్ వాడుకోవడానికి వేరే పాత యంత్రం మీద వేసివ్వండి. దొంగ విండోస్, దొంగ ఆఫీసు ఉన్న పెన్‌డ్రైవు ఏదీ ఆ గదిలోకి రాకూడదు, సభ్యుడిదైనా సరే.

రిపేరు షాపులవాళ్లు మొదట అనుమానంగా చూస్తారు, ఉచితంగా చేసి మా బేరాలు పాడుచేస్తున్నారని. వాళ్లను ముందే పిలిచి మాట్లాడండి. పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేస్తేనే చాలా యంత్రాలు బాగుపడతాయి, ఆ పని, ర్యామ్ పని మొత్తం వాళ్లకే పంపుతామని చెప్పి అలాగే పంపండి. శిబిరంలో వాళ్ల కార్డులు బల్ల మీద ఉంచండి. అప్పుడు గ్రూపుకు వాళ్లే పెద్ద అండ అవుతారు. శిబిరంలో ధర చెప్పకండి, యంత్రానికి 200 ఇస్తే గ్రూపు నడుస్తుందని బోర్డు రాసి పెట్టి, ఇచ్చినవాళ్లకు రశీదు ఇవ్వండి. ఇవ్వలేనివాళ్ల పని కూడా అంతే శ్రద్ధగా చేయండి.

రెండోరకం ఆదాయం ఒకరోజు తరగతులు. సచివాలయ సిబ్బందికి ఎక్సెల్, టీచర్లకు ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్, డీటీపీవాళ్లకు బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్. బయటివాళ్లకు 300, సభ్యులకు 100. చెప్పిన మనిషికి అందులోంచి కొంత ఇవ్వండి. 'సేవ కదా' అని ఊరికే చేయించుకుంటే మూడోసారి రారు. విద్యార్థి చెప్తే తప్పకుండా ఇవ్వండి, అది వాళ్ల మొదటి సంపాదన కావచ్చు.

ఇచ్చేవాళ్ల దగ్గర తీసుకునేటప్పుడు

కోచింగ్ సెంటర్లు, కంప్యూటర్ షాపులు సాయం చేస్తామంటాయి. నగదు కాకుండా వస్తువుగా తీసుకోండి: ఆ నెల టీ, ఒక బ్యానరు, పది పెన్‌డ్రైవులు. బదులుగా చివర్లో ఐదు నిమిషాలు మాట్లాడనివ్వండి. సభ్యుల ఫోన్ నంబర్ల జాబితా మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. కోచింగ్ సెంటర్లకు నిజంగా కావాల్సింది అదే, 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పేది కూడా మనుషుల అనుమతి లేకుండా వాళ్ల వివరాలు పంచకూడదనే. ఏడాది ఆదాయంలో మూడో వంతుకు మించి ఒక్కరి దగ్గర్నుంచి రాకూడదని తీర్మానం రాసుకోండి. పెద్ద చెక్కు ఇచ్చినవాళ్లు మానేసిన ఏడాది గ్రూపు చతికిలపడుతుంది, యాభై రూపాయలవాళ్లు అందరూ ఒకేసారి మానేయరు.

పెద్ద కంపెనీలు సామాజిక సేవకు పెట్టే సీఎస్ఆర్ డబ్బుకోసం తిరగకండి. దానికి సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను మినహాయింపు పత్రాలు, మూడేళ్ల పని చరిత్ర కావాలి. అవన్నీ సంపాదించేలోపు మీ సమావేశాలు ఆగిపోతాయి.

ఇక అమెరికా. మన జిల్లాల నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు చాలామంది, అభిమానంతో 'వంద డాలర్లు పంపుతాం' అంటారు. జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. మన స్థాయి సంఘానికి ఆ అనుమతి అందే పని కాదు. కాబట్టి ముందు ఏ పాస్‌పోర్టు అని అడగండి, అడిగినట్టు రాసి పెట్టుకోండి. డబ్బు కాకుండా వాళ్లు ఇవ్వగలిగింది ఇంకొకటుంది: నెలకో గంట వీడియోలో మన విద్యార్థులతో మాట్లాడమనండి.

రిజిస్ట్రేషన్ ఎప్పుడు

ఏడాదిపాటు నెల తప్పకుండా సమావేశాలు జరిగాకే. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు ఉండాలి. ఆశయాల పత్రం, నియమావళి, చిరునామా రుజువు, ఏడుగురి గుర్తింపు కాగితాలు తీసుకుని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. ఆ ఏడుగురిలో కనీసం ఐదుగురు ఊరు వదలనివాళ్లై ఉండేలా చూసుకోండి, లేకపోతే ప్రతి సంతకానికీ ఎవరో ఒకరు బెంగళూరు నుంచి రైలెక్కాలి. నియమావళి జిరాక్స్ షాపు నమూనా కొట్టించకుండా కూర్చుని రాయండి: కోరం ఎంత, కోశాధికారి ఎన్నేళ్లు, ఎంత ఖర్చుకు కమిటీ చాలు, ఎంత దాటితే సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలి, సంఘం మూసేస్తే మిగిలింది సభ్యులు పంచుకోకుండా ఇలాంటి ఆశయమున్న మరో సంఘానికి వెళ్లాలి. తర్వాత సంఘం పేరున పాన్, ఖాతా. ఏటా కమిటీ జాబితా, లెక్కలు రిజిస్ట్రార్‌కు ఇవ్వడం మానకండి, చాలా సంఘాలు ఇక్కడే నిద్రపోతాయి. సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ బెంగ అక్కర్లేదు. దాతలకు పన్ను మినహాయింపు వచ్చే 80జి లాంటివి నిల్వ లక్షల్లోకి వెళ్లినప్పుడు ఆడిటరుతో మాట్లాడుకోవచ్చు.

అప్పగింతలు

డొమైన్ పేరు ఒక కుర్రాడి జీమెయిల్ మీద ఉంటుంది. ఆ కుర్రాడు పుణె వెళ్తాడు, కార్డు మారుతుంది, రెన్యువల్ మెయిలు ఎవరూ చూడరు, పేరు పోతుంది. గ్రూపు పేరున ఒక మెయిలు తెరిచి, డొమైన్, బ్యాంకు దాని మీద పెట్టి, వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులతో సహా ప్రతిదానికీ ఇద్దరు అడ్మిన్లను ఉంచండి, ఒకరు విద్యార్థి, ఒకరు ఊళ్లో ఉండేవాళ్లు. పాస్‌వర్డులు రాసిన కాగితం సీలు వేసిన కవరులో కార్యదర్శి ఇంట్లో ఒకటి, కోశాధికారి ఇంట్లో ఒకటి.

ఫైనలియర్ విద్యార్థులు ఫిబ్రవరి నుంచే తమ పని ఒక సెకండియర్‌కు నేర్పడం మొదలుపెట్టాలి, ఏప్రిల్ సమావేశంలో అందరి ముందు అప్పగించాలి. వస్తువుల పుస్తకం ఆ రోజు తెరిచి కేబుళ్లు, బాక్సులు, పెన్‌డ్రైవులు ఎవరింట్లో ఏమున్నాయో చదవండి. వెళ్లిపోయేవాళ్లను సభ్యులుగానే ఉంచుకోండి, 600 కట్టే స్థితికి వాళ్లు తొందరగానే వస్తారు.

నిల్వ పడిపోతే

తప్పనిసరి పద్దులో ఆరు నెలల ఖర్చు, పై లెక్కలో అయితే 4,500, ఎప్పుడూ ఖాతాలో ఉండాలి. అంతకంటే తగ్గిన నెలలోనే అందరి ముందూ చెప్పండి, కమిటీలో దాచుకోకండి. తర్వాత ఈ వరసలో కోయండి: ముందు పకోడీ, తర్వాత టీ, తర్వాత బ్యానర్లు, ఆ తర్వాత అద్దె గది. అద్దె గది పోతే సభ్యుల్లో ఒకరి డీటీపీ షాపు ఆదివారం పూట ఖాళీగానే ఉంటుంది, పదిమంది పడతారు. డొమైన్, బ్యాంకు ఖాతా, నాలుగో ఆదివారం ఈ మూడింటినీ మాత్రం ముట్టుకోకండి. ఒక నెల ముగ్గురే వచ్చినా సరే ఆ ముగ్గురితో లెక్క చదివి, మినిట్స్ రాసి, వచ్చే నెల ఎవరు ఏం చెప్తారో తేల్చుకుని లేవండి. రాని పాతికమందికీ ఆ వారంలో ఫోన్ చేయండి, చందా గురించి కాకుండా వాళ్ల కంప్యూటర్ ఎలా ఉందో అడగండి.